కంప్యూటరుపై రేఖాచిత్రణము: ప్రోగ్రామును ఎక్కించుట, లైసెన్సు, ఫైళ్ళ మార్పిడి

మన హోసూరు పరిసరములందు యంత్రశాలలకు కొదువ లేదు. బరువు లారీలు, ద్విచక్ర వాహనములు, చేతిగడియారములు ఇచ్చట తయారగుచున్నవి. వానికి వలయు చిన్న చిన్న భాగములను చేసియిచ్చు లేతు పనివారు అనేక వీథులందు కలరు. మన విద్యార్థుల తండ్రులలోను అన్నలలోను పలువురు ఆ పనులందున్నవారే. ఇట్టి భాగములు నేడు చాలవరకు కాగితముపై పుట్టుట లేదు. మొదట కంప్యూటరు తెరపై గీతలుగా పుట్టి, ఒక ఫైలుగా భద్రపరుపబడి, ఒకచోటినుండి మరియొకచోటికి పోయి, తుదకు ఇనుముగా మారుచున్నవి.

పదవ తరగతి ముగించి ఐ.టి.ఐ.లో డ్రాఫ్ట్స్‌మన్ శిక్షణకో, పాలిటెక్నిక్కునకో పోదలచిన పిల్లల తల్లిదండ్రులు మమ్ము తఱచుగా అడుగు ప్రశ్నలు మూడు. ఈ గీతల ప్రోగ్రామును ఇంటి కంప్యూటరులో ఎట్లు పెట్టవలెను? దానికి డబ్బు చెల్లింపవలెనా? పిల్లవాడు ఇంట గీచినది బయట మరియొక కంప్యూటరులో తెరువబడకపోవుటకు, తెరువబడినను కొలతలు తారుమారగుటకు కారణమేమి? ఇవి వేరువేరు ప్రశ్నలుగా కన్పట్టినను ఒకదానితో నొకటి ముడివడియున్నవి. మూడవదానిని గ్రహించినవానికి మొదటి రెండును సులభముగా బోధపడును. కావున మొదట ఫైలులో ఏమియుండునో చూచి, పిదప తక్కిన వానికి వత్తము.

కంప్యూటరుపై బొమ్మ రెండు విధములుగా నిలువయుండును. ఛాయాచిత్రము చుక్కల గుంపు. దానిని పెద్దది చేసినకొలది చుక్కలు పైకి తేలి బొమ్మ చెదరును. రేఖాచిత్రమట్లు గాదు. అందు గీత యనగా రెండు కొనల స్థానములు. వలయమనగా ఒక కేంద్రము, ఒక వ్యాసార్ధము. మీరు తొమ్మిదవ తరగతిలో నేర్చిన నిరూపక జ్యామితియే ఇక్కడ పనిచేయుచున్నది. 1963లో అమెరికాయందలి మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఐవాన్ సదర్లాండ్ అను పరిశోధక విద్యార్థి తన డాక్టరేటు పట్టమునకై స్కెచ్‌ప్యాడ్ అను ప్రోగ్రామును నిర్మించెను. కాంతిలేఖినితో తెరపై గీత గీచి, ఈ రెండును సమాంతరముగా నుండవలెనని ఆజ్ఞాపించినచో యంత్రమే వానిని సరిదిద్దెడిది. 1982లో కాలిఫోర్నియాలో ఆటోడెస్క్ అను సంస్థ ఏర్పడి, ఆ సంవత్సరాంతముననే ఆటోకాడ్ అను ప్రోగ్రామును వెలువరించెను. అంతవరకు పెద్ద సంస్థల పెద్ద యంత్రములకే పరిమితమైన పని, దానితో బల్లమీది చిన్న కంప్యూటరునకు దిగివచ్చెను.

ఆటోకాడ్ తన గీతలను భద్రపరుచు రూపమునకు డీ.డబ్ల్యు.జీ. యని పేరు. అది ఆ ప్రోగ్రామునకు మాత్రమే సులభముగా తెలియు గూఢలిపి వంటిది. ఇతర ప్రోగ్రాములతో ఇచ్చిపుచ్చుకొనుటకై ఆటోడెస్క్ వారే డీ.ఎక్స్.ఎఫ్. అను మరియొక రూపమును కల్పించి, దాని వివరములను ప్రకటించిరి. ఇది సామాన్యముగా అక్షరములలోనే యుండును. నోట్‌ప్యాడులో తెరచి ఎవరైనను చదువవచ్చును.

ఒక ఉదాహరణము తీసికొందము. పాఠశాల బల్లకు పైపలక గీయుచున్నామనుకొనుడు. పొడవు 1200 మిల్లీమీటర్లు, వెడల్పు 300. దాని క్రింది అంచు ఒక గీత. డీ.ఎక్స్.ఎఫ్. ఫైలులో ఆ గీత యిట్లుండును: ఒక పంక్తిలో 0, దాని క్రింది పంక్తిలో లైన్ అను మాట, తరువాత 8, దాని క్రింద ఆ గీత ఏ పొరలో నున్నదో ఆ పొర పేరు, 10, దాని క్రింద 0.0, 20, దాని క్రింద 0.0, 11, దాని క్రింద 1200.0, 21, దాని క్రింద 0.0. నడుమ నడుమ ఇతర వివరములు కొన్ని యుండవచ్చును. ప్రతి జంటలోను పైయంకె ప్రశ్న, క్రిందిది జవాబు. 10 అనగా మొదటి కొన యొక్క అడ్డు నిరూపకము. 20 అనగా దాని నిలువు నిరూపకము. 11, 21 రెండవ కొనవి. వలయమైనచో 40 క్రింద వ్యాసార్ధముండును. ఇంతే. మిక్కిలి పెద్ద కర్మాగారపు ప్లానైనను ఇట్టి జంటల వరుసయే.

ఇందు ఒకటి గమనింపదగినది. 1200 అని యున్నది గాని, 1200 ఏమిటో ఆ పంక్తిలో లేదు. మిల్లీమీటర్లా, అంగుళములా? ఈ సంగతి ముందు పనికివచ్చును.

ఇక లైసెన్సును గూర్చి. తల్లిదండ్రులు ఈ భాగమును తప్పక చదువవలెనని మా కోరిక.

లైసెన్సనగా వస్తువును కొనుట గాదు, వాడుకొనుటకు అనుమతి. బియ్యపు బస్తా కొన్నచో అది మనది. వండుకొందుము, చుట్టములకు పంచుదుము, మిగిలినది అమ్ముకొందుము. ప్రోగ్రాము అద్దె ఇల్లు వంటిది. ఎవరుండవచ్చును, ఎంతకాలముండవచ్చును, అందు అంగడి పెట్టవచ్చునా లేదా అనునవి పత్రములో వ్రాసియుండును. పూర్వము ఒక్కసారి ధర చెల్లించి, ఆ విడుదలను ఎంతకాలమైనను వాడుకొను పద్ధతి యుండెను. ఆటోడెస్క్ సంస్థ 2016లో అట్టి శాశ్వత లైసెన్సులను క్రొత్తగా అమ్ముట మానివేసెను. నేడు నెలకో సంవత్సరమునకో చందా చెల్లింపవలెను. చందా ఆగినచో ప్రోగ్రాము పనిచేయుట ఆగును.

అర్హతగల విద్యాసంస్థలలో చదువువారికి అదే సంస్థ ఒక సంవత్సరపు అనుమతిని ఉచితముగా నిచ్చుచున్నది. తాము విద్యార్థులమనుటకు ఋజువు చూపవలెను. చదువు సాగుచున్నంతకాలము ఏటేట పొడిగించుకొనవచ్చును. ఇది మంచి యవకాశమే. ఐనను దానియందొక నిబంధన కలదు: నేర్చుకొనుటకే గాని సంపాదనకు వాడరాదు. పాలిటెక్నిక్కులో చదువు కుమారుడు అట్టి లైసెన్సుతో పొరుగువాని షెడ్డునకు ప్లాను గీచియిచ్చి వేయి రూపాయలు పుచ్చుకొన్నచో, అది తప్పు. తండ్రి లేతు దుకాణమునకు గీచియిచ్చినను తప్పే. పిల్లవానికి ఈ సంగతి తెలియక పోవచ్చును. పెద్దలకు తెలిసియుండుట మేలు.

పాఠశాలలకు, కళాశాలలకు మరియొక విధమైన లైసెన్సు కలదు. ప్రయోగశాలలో 30 కంప్యూటర్లుండి, 10 మందికి మాత్రమే అనుమతి యున్నచో, నడుమనున్న సర్వరు ఎవరెవరు ప్రోగ్రామును తెరచిరో లెక్కించుచుండును. పదునొకండవవాడు తెరువబోయినచో అనుమతి లేదని చెప్పును. ఒకడు మూసినచో మరియొకనికి చోటు దొరకును. ప్రోగ్రాము చెడిపోయినదని అట్టి సమయమున కంగారుపడనక్కరలేదు.

దొంగ ప్రతుల మాటయు చెప్పవలసియున్నది. తాళము పగులగొట్టిన ప్రోగ్రామును పెన్‌డ్రైవులో పెట్టి వందకో రెండువందలకో ఇచ్చువారు ప్రతి పట్టణమునందును కలరు. మన దేశపు 1957 నాటి కాపీరైటు చట్టములో 63-బి అను విభాగము కలదు. దొంగ ప్రతియని తెలిసియు కంప్యూటరులో ప్రోగ్రామును వాడినవారికి ఏడు దినములకు తక్కువగాక మూడు సంవత్సరముల వరకు కారాగారము, ఏబదివేలకు తక్కువగాక రెండు లక్షల రూపాయల వరకు జుల్మానా విధింపవచ్చునని అందున్నది. వ్యాపారలాభమునకు వాడలేదని తేలినచో న్యాయస్థానము కారాగారము విధింపక, ఏబదివేల లోపు జుల్మానాతో విడువవచ్చును. చట్టమటుండ, మరియొక యపాయము దీనికంటె దగ్గరది. తాళము పగులగొట్టినవాడు లోపల మరేమి పెట్టెనో మనకు తెలియదు.

2012లో ఈసెట్ అను కంప్యూటరు భద్రతాసంస్థ వారు ఒక పురుగును కనుగొనిరి. మెడ్రె అని దానికి పేరు పెట్టిరి. అది ఆటోకాడ్‌లో అంతర్భాగమైన ఆటోలిస్ప్ అను భాషలో వ్రాయబడినది. గీతల ఫైళ్ళున్న సంచికలోనే ఒక చిన్న ఫైలుగా దాగి, ఎవరైనను ఆ గీతను తెరచినంతనే తానును మేల్కొని, వారి రేఖాచిత్రములను చైనాయందలి ఈ-మెయిలు పెట్టెలకు పంపుచుండెను. ముఖ్యముగా దక్షిణ అమెరికాలోని పెరూ దేశమున పదివేల సంఖ్యలో చిత్రములు ఇట్లు తరలిపోయెను. కావున ఎవరైనను గీతలను మూటకట్టి పంపినచో, అందు గీతల ఫైళ్ళను మాత్రమే తీసికొని, ఎసిఎడి యను అక్షరములతో మొదలై గీత కాని వింత ఫైళ్ళున్నచో వానిని తెరువక పెద్దల నడుగుట మంచిది.

డబ్బు లేనివారికి దొంగదారియే గతి యనుకొనుట పొరపాటు. ధర్మముగా ఉచితముగా దొరకు ప్రోగ్రాములు కలవు. లిబ్రెకాడ్ అనునది చదునైన గీతలకు, అనగా కాగితముపై గీచునట్టి ప్లానులకు సరిపోవును. ఇది చిన్నది, పాతబడిన కంప్యూటర్లపైనను నడచును. ఫ్రీకాడ్ అనునది ఘనరూపములకు, అనగా పొడవు వెడల్పు ఎత్తులుగల వస్తువులకు తగినది. దాని 1.0 విడుదల 2024 నవంబరులో వచ్చినది. ఈ రెండును విండోసునందును, లినక్సునందును, మాకింతోషునందును పనిచేయును. వీని లైసెన్సులు మనలను కట్టివేయుటకు గాక విడిచిపెట్టుటకు వ్రాయబడినవి: ఎన్ని కంప్యూటర్లలోనైనను పెట్టవచ్చును, స్నేహితునకు ఈయవచ్చును, వీనితో గీచినదానికి కూలి పుచ్చుకొనవచ్చును. షెడ్డు ప్లాను గీచిన కుమారుడు దీనితో గీచినచో ఏ చిక్కును లేదు.

ఉద్యోగమునకు ఆటోకాడ్ తెలిసియుండవలెనని యందురే యని కొందరు మమ్మడిగిరి. అది నిజమే. ఐనను పొరలు వేయుట, గీత కొనను సరిగా పట్టుకొనుట, కొలతలు వ్రాయుట, స్కేలు నిర్ణయించుట అన్నిటను ఒక్కటే. ఎడ్లబండి తోలుట ఒక యూరిలో నేర్చినవాడు మరియొక యూరిలో తోలలేకపోడు. ఉన్నత పాఠశాల విద్యార్థి లిబ్రెకాడ్‌తో మొదలిడి, కళాశాలలో చేరిన పిదప విద్యార్థి లైసెన్సుతో ఆటోకాడ్ నేర్చుట తగినదని మా యభిప్రాయము.

ప్రోగ్రామును ఎక్కించుట కష్టమైన పని గాదు. దానిని తయారుచేసినవారి స్వంత స్థలమునుండియే తెచ్చుకొనవలెను. వెదకినప్పుడు మొదట కన్పట్టునదెల్ల వారిది కాదు. పెద్ద బొత్తాముతో పిలుచు ప్రకటనలు అందు అనేకము లుండును. తెచ్చుకొన్న ఫైలు దారిలో చెడలేదని తెలిసికొనుటకు ఒక యుపాయము కలదు. ప్రోగ్రాము చేసినవారు దాని ప్రక్కన ఎస్.హెచ్.ఏ. 256 అను పేరుతో 64 గుర్తుల వరుస నొకదానిని ప్రకటింతురు. మన కంప్యూటరు కూడ ఆ ఫైలును చదివి అట్టి వరుసను లెక్కకట్టగలదు. రెండును అక్షరాక్షరము సరిపోయినచో ఫైలు చెడలేదు. లోపల ఒక్క అక్షరము మారినను వరుస యంతయు మారిపోవును. బియ్యము తూచి తెచ్చుకొన్నవాడు ఇంట మరల తూచుకొనుట వంటిదిది. లినక్సు గలవారికి ఈ శ్రమ చాలవరకు లేదు. ఆ వ్యవస్థకు చెందిన ప్రోగ్రాముల భాండాగారమునుండి తెచ్చుకొన్నప్పుడు ఈ తనిఖీ దానంతటదియే జరుగును. ఎక్కించునప్పుడు తెరపై వచ్చు ప్రతి ప్రశ్నకును చదువకయే తలయూపరాదు. ఎక్కించిన వెంటనే చేయవలసిన మొదటి పని గీత గీయుట గాదు, కొలమానమును నిర్ణయించుట. మిల్లీమీటరా, అంగుళమా యని ప్రోగ్రామునకు ముందే చెప్పియుంచవలెను.

ఇప్పుడు మూడవ ప్రశ్నకు వచ్చితిమి. ఒకచోట గీచినది మరియొకచోట ఏల తెరువబడదు?

మొదటి కారణము రూపముల వయస్సు. డీ.డబ్ల్యు.జీ. రూపము కొన్ని సంవత్సరముల కొకమారు మారుచు వచ్చినది. అట్టి ఫైలును నోట్‌ప్యాడులో తెరచినచో తక్కినదంతయు పిచ్చిగీతలుగా కన్పట్టినను, మొట్టమొదటి ఆరు గుర్తులు మాత్రము చదువవచ్చును. ఏసీ1015 అనియున్నచో అది 2000 నాటి రూపము. ఏసీ1018 అన్నచో 2004. ఏసీ1021 అన్నచో 2007. ఏసీ1024 అన్నచో 2010. ఏసీ1027 అన్నచో 2013. ఏసీ1032 అన్నచో 2018. క్రొత్త ప్రోగ్రాము పాత రూపమును చదువును. పాత ప్రోగ్రాము క్రొత్తదానిని చదువజాలదు. తాత వ్రాసిన ఉత్తరము మనుమడు చదువును గాని, మనుమని పొట్టిమాటల సందేశము తాతకు బోధపడదు గదా!  ఇట్టిచో ఆటోడెస్క్ వారు ఉచితముగా నిచ్చు డీ.డబ్ల్యు.జీ. ట్రూవ్యూ అను ప్రోగ్రాముతో క్రొత్తదానిని పాత రూపమునకు మార్చవచ్చును. ఫ్రీకాడ్ వాడువారికి డీ.డబ్ల్యు.జీ. చదువుటకు వేరొక మార్పిడి ప్రోగ్రాము అవసరము. ఓపెన్ డిజైన్ అలయన్స్ అను సంఘము వారిది యొకటి దొరకును.

ఫైలు పేరు చివరనున్న మూడక్షరములను చెరిపి వేరు మూడక్షరములు వ్రాసి, మార్పిడి చేసితిమనుకొను పిల్లలు కొందరు కలరు. డబ్బాపై చీటి మార్చినంతమాత్రమున లోపలి ఉప్పు పంచదార కాదు.

రెండవ కారణము కొలమానము. మన బల్లను మరల తలచుకొనుడు. 1200 మిల్లీమీటర్లనగా నాలుగడుగులకు ముప్పాతిక అంగుళము తక్కువ. ఆ 1200ను అంగుళములని చదివినచో సరిగా నూరడుగులు! ఒక యంగుళమునకు 25.4 మిల్లీమీటర్లు గనుక, వస్తువంతయు 25.4 రెట్లు పెరిగిపోవును. నూరడుగుల బల్ల తెరపై కన్పట్టినప్పుడు ఎవరైనను నవ్వి సరిదిద్దుకొందురు. మరలోని చిన్న బెజ్జమున కిట్టి దోషము వచ్చినచో, ఇనుము కోయువరకు తెలియకపోవచ్చును. ఆ ఇనుము వెల పనివాని కూలినుండి పోవును. డీ.ఎక్స్.ఎఫ్. ఫైలు మొదట ఇన్స్‌యూనిట్స్ అను పేరుగల స్థానమొకటి యుండును. దాని క్రింద 70, దాని క్రింద ఒక యంకె. 1 అన్నచో అంగుళములు, 2 అన్నచో అడుగులు, 4 మిల్లీమీటర్లు, 5 సెంటీమీటర్లు, 6 మీటర్లు, 0 అన్నచో ఏదియు చెప్పలేదని. కోత యంత్రములవారు తఱచుగా కోరు పాత డీ.ఎక్స్.ఎఫ్. రూపములలో ఈ స్థానమే లేదు. కావున చిత్రపు మూలలో 100 మిల్లీమీటర్ల గీత నొకదానిని గీచి, దానిపై దాని పొడవు వ్రాసి పంపుట మంచి యలవాటు. అందుకొన్నవాడు ఆ గీతను కొలిచినచో 100 రావలెను. 2540 వచ్చినచో ఏమి జరిగెనో వెంటనే తెలియును.

మూడవది వంపుల సంగతి. ఇది గణితప్రియులకు మిక్కిలి వినోదకరము. ఘనవస్తువులను త్రిమితీయ ముద్రణ యంత్రములకు పంపుటకు ఎస్.టీ.ఎల్. అను రూపమును వాడుదురు. ఇది 1987 ప్రాంతమున త్రీడీ సిస్టమ్స్ అను సంస్థవలన పుట్టినది. ఇందు త్రిభుజములు తప్ప మరేమియు లేవు. గోళమైనను స్తంభమైనను త్రిభుజముల ముక్కలుగా అతుకబడును. ఘనమునకు ఆరు ముఖములు; ముఖమునకు రెండు త్రిభుజముల చొప్పున పండ్రెండు. ఫైలు తొలిభాగమునకు 84 బైట్లు, త్రిభుజమున కొక్కింటికి 50 బైట్లు గనుక, ఆ ఫైలు పరిమాణము 84, 600 కలిపి 684 బైట్లు. మీరే చేసి చూచుకొనవచ్చును.

ఇట్లు ముక్కలు చేసినప్పుడు వలయము బహుభుజియగును. 50 మిల్లీమీటర్ల వ్యాసార్ధముగల వలయమును 24 భుజముల బహుభుజిగా మార్చితిమనుకొనుడు. శీర్షములు వలయముపై నుండును గాని, భుజముల నడిమి భాగములు లోపలికి దిగబడును. ఎంత? కేంద్రమునొద్ద సగము కోణము 7.5 అంశలు, కొసైను 0.99144, 50ని దానిచే గుణించి 50నుండి తీసివేసినచో 0.43 మిల్లీమీటరు. నీటి తొట్టి మూతకిది లెక్కలోనిది గాదు. ఇరుసు పట్టు బెజ్జమునకైనచో ఆ భాగము పనికిరాదు. 96 భుజములు చేసినచో లోటు 0.027 మిల్లీమీటరునకు తగ్గును. భుజములు నాలుగురెట్లైనచో లోటు పదునారవ వంతగుట గమనింపుడు. కోణము చిన్నదైనప్పుడు లోటు దాని వర్గము ననుసరించుటయే యిందులకు హేతువు. మరియు ఎస్.టీ.ఎల్.లోను కొలమానము వ్రాయబడదు. మన నూరడుగుల బల్ల ఇక్కడను పొంచియున్నది.

కావున ఒక కర్మాగారమునుండి మరియొక కర్మాగారమునకు ఘనవస్తువులను పంపునప్పుడు స్టెప్ అను రూపమును వాడుదురు. ఇది అంతర్జాతీయ ప్రమాణసంస్థ 10303వ సంఖ్యతో 1994నుండి ప్రకటించిన ప్రమాణము. ఏ యొక్క సంస్థకును చెందినది గాదు. ఇందు స్తంభము స్తంభముగనే, గోళము గోళముగనే యుండును. ఐనను ఒక నష్టము కలదు. మొదట పలక, పిమ్మట బెజ్జము, పిమ్మట అంచు నునుపు అని మనము వస్తువును నిర్మించిన క్రమము అందు సామాన్యముగా నిలువదు. తుది రూపము మాత్రము నిలుచును. వండిన కూర చేతికి వచ్చును గాని వండిన విధము రాదు. అందుచేత స్వంత ప్రోగ్రాములోని మూలప్రతిని ఎన్నడును పారవేయరాదు.

నాలుగవది మన యక్షరముల సంగతి. దీనిని వేరొకచోట మీరు చదువబోరు గనుక ఇచ్చట కొంత నిలిచెదము. ఇంటికి ద్వారబంధములు చేయు వడ్రంగి తెలుగు చదువువాడైనప్పుడు, ప్లానుపై గడప, దూలము, కిటికీ యని తెలుగుననే వ్రాయుట ఎంతయో మేలు. మన యూళ్ళలో మేస్త్రి తమిళుడును, వడ్రంగి తెలుగువాడును, ఇంటివారు కన్నడులును ఐయుండుట వింత గాదు. ఒక్కొక్క భాషకు ఒక్కొక్క పొర వేసి, కావలసిన పొరను మాత్రము ముద్రించుకొనవచ్చును. ఐతే తెలుగున వ్రాసి పంపినచో అవతలివారికి ప్రశ్నార్థకములో, ఖాళీ పెట్టెలో కన్పట్టుటయు కలదు.

దీనికి కారణము తెలిసికొనుడు. యూనికోడ్ అను ప్రపంచ ప్రమాణములో తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. అందు 'అ' యను అక్షరము సంఖ్య 3077. 'క్ష' యని మనకొక్కటిగా కన్పట్టు అక్షరము మూడు సంఖ్యల వరుస: క, పొల్లు, ష. వానిని కలిపి ఒకటిగా చూపవలసిన భారము ప్రోగ్రామునది. కొన్ని గీతల ప్రోగ్రాములు అట్లు కలుపనేరవు; పొల్లు వేరుగా, ఒత్తు వేరుగా తేలును. కొన్నిటి స్వంత రేఖాక్షరములలో తెలుగు లిపియే లేదు. 2007కు ముందటి డీ.ఎక్స్.ఎఫ్. రూపములలో తెలుగక్షరమునకు నేరుగా చోటు లేనందున, దాని సంఖ్యనే గుర్తుగా వ్రాయుదురు. ఆ గుర్తును గ్రహింపని ప్రోగ్రాము అంకెలనే చూపును. 2007నుండి వచ్చిన రూపము యూనికోడ్ అక్షరములను నేరుగా భద్రపరుచును. ముద్రణాలయములలో వాడు కొన్ని పాత తెలుగు ఫాంటులు యూనికోడ్ గావు. అవి ఆంగ్లాక్షరముల స్థానములందు తెలుగు ఆకారములను పెట్టుకొన్నవి. అట్టివానితో వ్రాసిన ప్లాను, ఆ ఫాంటు లేని కంప్యూటరులో అర్థములేని ఆంగ్లాక్షరములుగా మారును.

కావున చేయదగినదిది. విండోసుతో వచ్చు గౌతమి, నిర్మలా వంటి యూనికోడ్ ఫాంటులనో, ఉచితముగా దొరకు నోటో తెలుగునో వాడుడు. గీతల ఫైలుతోపాటు దాని పీ.డీ.ఎఫ్. ప్రతిని కూడ పంపుడు. పీ.డీ.ఎఫ్.లో ఫాంటు సామాన్యముగా లోననే పొదుగబడుటచే అక్షరములు చెదరవు. వడ్రంగి దానిని చూచి చదువుకొనును, యంత్రము గీతల ఫైలును చూచి కోయును. పేరు పలకను లేసరు యంత్రముతో కోయించునప్పుడు మాత్రము అక్షరములే గీతలు కావలెను. అందులకు ఇంక్‌స్కేప్ అను ఉచిత ప్రోగ్రాములో తెలుగున వ్రాసి, ఆ వ్రాతను రేఖలుగా మార్చి, డీ.ఎక్స్.ఎఫ్.గా భద్రపరుపవచ్చును. అది ఒత్తులను చక్కగా కలుపును. రేఖలుగా మార్చిన పిదప అక్షరదోషము దిద్దుటకు వీలుండదు. కావున మార్చుటకు ముందే పెద్దవారిచే చదివించుకొనవలెను. పేరు పలకపై తప్పు పడినచో ఇంటిముందు ఏండ్లకొలది నిలుచును!

లైసెన్సునకును ఈ మార్పిడులకును గల ముడి ఇప్పుడు తేటపడియుండును. చందా ముగిసినను విద్యార్థి గీచిన ఫైళ్ళు అతని కంప్యూటరులోనే యుండును, ఎవరును తీసికొనిపోరు. కాని వానిని పూర్తిగా చదువగల ప్రోగ్రాము మూతపడును. మూడేండ్ల శ్రమ పెట్టెలో నున్నను తాళపుచెవి లేనట్లగును. అందుచేత విద్యార్థి లైసెన్సు గలవారు అది చెల్లుచుండగనే, ముఖ్యమైన ప్రతి గీతను మూలరూపముననేగాక, చదునుగీతయైనచో డీ.ఎక్స్.ఎఫ్.గాను, ఘనవస్తువైనచో స్టెప్‌గాను, రెంటికిని పీ.డీ.ఎఫ్.గాను భద్రపరచి, ఒక పెన్‌డ్రైవులో ఇంటివద్ద నుంచుకొనవలెను. పరీక్షలు ముగిసిన వారముననే ఈ పని చేయుట మంచిది; లైసెన్సు గడువు సామాన్యముగా ఎవరికిని గుర్తుండదు.

అభ్యాసము. లిబ్రెకాడ్‌లో 1200, 300 కొలతలుగల బల్లపలకను గీయుడు. నాలుగు మూలలందును అంచులకు 40 మిల్లీమీటర్ల దూరమున 10 మిల్లీమీటర్ల వ్యాసముగల బెజ్జములు నాలుగు పెట్టుడు. ప్రక్కన 100 మిల్లీమీటర్ల పరీక్షాగీత నొకదానిని చేర్చుడు. దానిని డీ.ఎక్స్.ఎఫ్. 2007 రూపమునను, పాతదైన ఆర్ 12 రూపమునను వేరువేరు పేర్లతో భద్రపరుపుడు. రెంటిని నోట్‌ప్యాడులో తెరచి, మొదటిదానిలో ఇన్స్‌యూనిట్స్ క్రింద ఏ యంకె యున్నదో వ్రాసికొనుడు. రెండవదానిలో అది యున్నదేమో వెదకుడు. పిమ్మట ఆర్ 12 ఫైలులో నాలుగు వలయములను కనిపెట్టి, ఒక్కొక్కదానికి 10, 20ల క్రిందనున్న అంకెలను గ్రాఫు కాగితముపై గుర్తించుడు. 40 క్రింద 5 ఉండవలెను. అచ్చట 10 కన్పట్టినచో మీ బెజ్జము ఎంత వ్యాసము గలదైనదో, ఆ బెజ్జములో 10 మిల్లీమీటర్ల మర బిగియునో లేదో చెప్పుడు.